ఊట నీళ్లు తాగిన బండి

ఇంజిన్ మీద అరచేయి ఆనించి దాని జబ్బేమిటో చెప్పడంలో ఈ కొండల్లో నన్ను మించినవాడు పుట్టలేదు. పుట్టబోయేవాడు కూడా నా దగ్గరికొచ్చి నేర్చుకోవాల్సిందే. ఒకసారి లోయకి అవతల, కంటికి ఆనని దూరంలో ఒక లారీ దగ్గితే, ఇక్కడ నా అరుగు మీదే కూర్చుని దాని పిస్టన్‌కి రింగు అరిగిందని చెప్పాను. ఆ లారీవాడు మర్నాడు కొండెక్కి వచ్చి నాకొక కోడిపుంజుని ఇచ్చి వెళ్లాడు. పుంజుని తినేశాం కాబట్టి సాక్ష్యం అడక్కండి.

నన్ను ఊళ్లో నే లెబాంగ్ అంటారు. మా భాషలో నే అంటే తాత, లెబాంగ్ వాళ్ల తాత అని. మా తొరాజా కొండల్లో మనవడు పుట్టగానే మనిషి సొంత పేరు రాలిపోతుంది. నా అసలు పేరు నాక్కూడా అప్పుడప్పుడే గుర్తొస్తుంది. ఈ ఊరికి మొట్టమొదట మోటారు బండిని ఎక్కించినవాణ్ణి నేనే. ఎక్కించానంటే, సగం దారి అది నన్ను మోసింది, సగం దారి నేను దాన్ని మోశాను. ఇప్పుడు మోకాళ్లు మొరాయించాయి గనుక ఇంటి ముందు కూర్చుని ఎవరి బండి మూలిగినా చూసిపెడుతుంటాను.

మా ఊరు మబ్బులో ఉంటుంది. మబ్బు కింద అనడం లేదు, మబ్బులోనే. పొద్దున తలుపు తీస్తే అది ముందు లోపలికొచ్చి, పొయ్యి దగ్గర కాసేపు కూర్చుని, ఒళ్లు వెచ్చబడ్డాక వెళుతుంది. ఎదురింటి కప్పు పడవలా రెండు కొసలూ పైకి లేచి తెల్లటి గాలిలో తేలుతుంటుంది. కాసేపు చూశామా, ఆ ఇల్లు కదులుతోందో మనం కదులుతున్నామో తెలీదు. నా కథలు ఒక్కోసారి దారి తప్పి సాగిపోతాయంటే తప్పు నాది కాదు, ఈ గాలిది.

కిందినుంచి ఊరికి దారి ఒక్కటే. లారీలు ఏటి దగ్గర ఆగిపోతాయి. అక్కణ్ణించి పైకి సరంబు అని పిలిచే ఎక్కుడు దారి. ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ లేదు, నడుమ ఒక్క బండి పట్టేంత బురద. ఉప్పు, సిమెంటు, ఇంటి రేకులు పైకి రావాలన్నా, కాఫీ గింజలు కిందికి దిగాలన్నా మోత బండ్లవాళ్లే దిక్కు. వాళ్లవి ఎత్తుగా, సన్నగా, మిడతల్లాంటి రెండు చక్రాల కొండ బండ్లు. టైర్లకి పళ్లుంటాయి. వాళ్లందరికీ పెద్ద మస్సోరా. మనిషి మంచివాడే గానీ, నవ్వితే తన ఇంట్లోంచి ఏదో పోతుందన్నట్టు ఉంటాడు.

పొద్దుగూకే వేళకి ఆ బండ్లన్నీ ఊరి వడ్లకొట్టు కింద వరుసగా నిలబడతాయి. కొట్టు స్తంభాల మీద ఎత్తుగా ఉంటుంది, కింద నేల ఎప్పుడూ పొడిగా ఉంటుంది. అక్కడ చోటు దొరికిందంటే వాడు మోత బండివాడు. దొరకనివాడు ఊరికే బండున్నవాడు.

వాళ్ల అలవాటు ఇంకొకటి చెప్పాలి. పొద్దున బయల్దేరేముందు అరటాకులో జిగటన్నం పొట్లం కట్టి ఇంజిన్ పక్కన ఇరికిస్తారు. ఎక్కుడు ఎక్కి పైకొచ్చాక విప్పి చూస్తారు. గోరువెచ్చగా ఉంటే బండి ఒంట్లో బాగున్నట్టు. మా వాళ్ల థర్మామీటరు అదే. చూశాక తినెయ్యొచ్చు కూడా, డాక్టరుగారి థర్మామీటరుకి ఆ సదుపాయం లేదు.

ఇక బన్నే సంగతి. మా కింది వాడ పిల్ల. తండ్రి పోయాక తల్లీ, తనూ, ఒక దున్నపోతు మిగిలారు. బన్నే ఒకరోజు ఆ దున్నపోతుని తోలుకుని రాంతెపావ్ సంతకి వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు కొండ బండి మీద వచ్చింది. బండి పందేలు ఆడే కుర్రాడెవడో దున్నని తీసుకుని బండి ఇచ్చాడట. ఆడపిల్ల మోత బండి తోలుతానంటే మా ఊరు ఊరుకుంటుందా. వాడవాడంతా బండికి గడ్డి తెచ్చి పడేశారు, నీ కొత్త దున్నకి ఆకలేస్తుందేమోనని. నేనూ ఒక మోపు వేశాను. బన్నే ఆ గడ్డంతా పోగుచేసి ఇంటి కప్పు చిల్లు పూడ్చుకుంది. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల ఎక్కుడు ఎక్కుతుందని.

ఊరి పైన తెల్లరాతి కొండ ఉంది. దాని పగుల్లోంచి ఊట వస్తుంది. ఊరికి కొత్తగా ఏది వచ్చినా, కోడలు గానీ దూడ గానీ బండి గానీ, ముందు అక్కడికి తీసుకెళ్లి వెదురు గొట్టంతో ఆ నీళ్లు పట్టాలి. ఆ నీళ్లు తాగినది ఎంత దూరం పోయినా ఇల్లు మరిచిపోదని మా నమ్మకం. కోడలూ దూడా సరే, బండి ఎలా తాగుతుంది? గాలికి చల్లబడే బండ్లకి నోరుండదు. పెట్రోలు ట్యాంకు మీద పోసేవాళ్లం, జారిపోయేది, అదే తాగినట్టు.

బన్నే బండికి మాత్రం నోరుంది. అది నీళ్లతో చల్లబడే ఇంజిను. ముందు పక్క, చెంపలకి రెండు జల్లెడలు కట్టినట్టు రేడియేటర్లు. ఇంజిన్లో కాగిన నీళ్లు వాటిలోకొచ్చి, గాలికి చల్లారి, మళ్లీ ఇంజిన్లోకి పోతాయి. మూత తిప్పితే లోపల ఆకుపచ్చటి నీళ్లు కనిపించాయి. పందెం కుర్రాడు పోసిన మందు నీళ్లు. పరాయి ఊరి నీళ్లు కడుపులో పెట్టుకుని మా ఊళ్లో తిరగడమేమిటని పెద్దలందరం వాటిని పారబోయించి, నిండా ఊట నీళ్లు పోయించాం. ఇన్నేళ్లకి నిజంగా తాగే బండి వచ్చిందని ఊరంతా మురిసిపోయింది. ముసలమ్మలు వరుస కట్టి తలా ఒక గుక్క పోశారు.

వానాకాలమంతా బండి బాగానే తిరిగింది. కాఫీ పండ్లు ఎర్రబడే వేళకి దానికి జ్వరం మొదలైంది. బరువు లేకపోతే ఏమీ లేదు. బస్తాలు కట్టుకుని ఎక్కుడు మధ్య మలుపుకి వచ్చేసరికి మూత పక్కనుంచి బుస్సుమని ఆవిరి. మబ్బులో ఇంకో మబ్బు. బన్నే వెదురు గొట్టంలో తెచ్చుకున్న ఊట నీళ్లు పోసేది, చల్లారేదాకా ఆగేది, ఎక్కేది. ఆమె అన్నం పొట్లం విప్పితే లోపల బొగ్గు.

ఎక్కుడులో ఒక బండి ఆగిందంటే వెనకున్నవాళ్లందరూ ఆగాలి. పక్కకి తప్పుకోవాలంటే ఆ పక్క ఏమీ లేదని చెప్పాను కదా. రెండుసార్లు బన్నే వెనక ఊరి ఉప్పంతా వానలో నిలబడిపోయింది. రెండోసారి మస్సోరా కొట్టు కింద అందరి ముందూ, గొంతు పెంచకుండా చెప్పాడు.

"ఇంకొక్కసారి ఆగిందంటే కాఫీ కోతకి నిన్ను పిలవనమ్మాయ్. నీ చోటు మా బావమరిదికి."

బావమరిది అప్పటికే బండి తుడుచుకుంటున్నాడు.

కాఫీ కోత తప్పితే మళ్లీ ఏడాదిదాకా పని లేదు. దున్న పోయింది, దున్నని మింగిన బండి చేతికి రాకపోతే తల్లికి మొహం ఎలా చూపించాలి? బన్నే బండి తోసుకుంటూ మా ఇంటి ముందుకొచ్చి, నా అరచేతి వైపు చూసింది. అంతే.

నేను కళ్లు మూసుకుని, పెదాలు కదిపి, పెద్దమనిషిలా అరచేయి పెట్టాను. ఊపిరాడటం లేదన్నాను. రేడియేటర్ రెక్కల్లో బురద పేరుకుంటే గాలి దూరదు, అది మా దారిలో మామూలే. ఇద్దరం వెదురు చిమ్మన గొట్టంతో వెనకనుంచి ముందుకి నీళ్లు కొట్టి, కోడి ఈకతో ఒక్కో సందూ శుభ్రం చేశాం. జల్లెడలోంచి అవతలి కొండ కనిపించేంత శుభ్రం. బన్నే రెండు రాళ్ల బస్తాలు కట్టుకుని పైదారి మీద తిప్పి చూసింది. కాగింది.

మళ్లీ అరచేయి పెట్టాను. మూత సరిగ్గా బిగుసుకోవడం లేదన్నాను. మూత లోపలి రబ్బరు గట్టిపడితే ఒత్తిడి నిలవదు, నీళ్లు తొందరగా మరుగుతాయి. సంతనుంచి కొత్త మూత తెప్పించాం. కాగింది. లోపల గాలిబుడగ ఇరుక్కుందన్నాను. బండి ముందు చక్రాన్ని అరుగు మీదకి ఎక్కించి, మూత తీసి, గొట్టాలు పిసికాం. రెండు బుడగలు వచ్చాయి. నేను వాటిని అందరికీ చూపించాను. అయినా కాగింది. పెట్రోలు పల్చగా అందుతోందేమోనని ప్లగ్గు విప్పితే, అది కాఫీ రంగులో నిక్షేపంగా ఉంది. నీళ్లు తోసే పంపు తిరుగుతోందా అని మూత తీసి ఇంజిన్ నడిపి చూశాం. నీళ్లు కదులుతున్నాయి, కానీ పని ఇష్టం లేని కోడలిలా కదులుతున్నాయి.

మస్సోరా అటుగా పోతూ, పిల్ల క్లచ్‌ని నలుపుతోంది, బండిలో ఏ లోపమూ లేదన్నాడు. బన్నే బండిని వాలు మీద నిలబెట్టి, బ్రేకు పట్టకుండా, క్లచ్ మీద వేలు మాత్రం వేసి, కిందికి జారకుండా పైకి కదలకుండా రెప్పపాటు ఆపి చూపించి, అక్కణ్ణించి నున్నగా ఎక్కించింది. ఆయన కాసేపు చూసి వెళ్లిపోయాడు. క్లచ్ మాట మళ్లీ ఎత్తలేదు.

నా అరచేతికి ఇంకో సంగతి కూడా తగిలింది. బండి మరుగుతున్నప్పుడు రేడియేటర్ పైభాగం చుర్రుమంటోంది, కింద మాత్రం అక్కడక్కడ చల్లగా, మొద్దుబారిన చర్మంలా ఉంది. నేను దానికి సంతోషించాను. చూశావా, సగం బండికి ఆరోగ్యం బాగానే ఉందన్నాను. ఈ కొండల్లో నన్ను మించినవాడు లేడని మొదట్లో అన్నాను చూడండి, ఆ మాటని ఇక్కడ నెమ్మదిగా కింద పెట్టేస్తున్నాను. అరచేయి నిజమే చెప్పింది. దాని మాటని నా నోరు తప్పుగా వినిపించింది.

ఆ మధ్యాహ్నం వాన. బన్నే మా అరుగు మీద మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని కూర్చుంది. మర్నాడు సంత, కొండంత ఉప్పు వస్తుంది, ఆమె వంతు ఉంది. మా ఆవిడ కాఫీకి కెటిల్ పెట్టింది. ఆ కెటిల్ గురించి ఊరికి తెలుసు. అది వాళ్లమ్మమ్మది. మా ఊళ్లో కెటిల్ లోపల తెల్లటి రాయి పెరుగుతుంది. ఎవరూ గీకరు. రాయి ఎంత మందమైతే ఆ ఇల్లు అంత పాతదని లెక్క. తల్లి కూతురికి కెటిల్ని రాయితోనే ఇస్తుంది. మా ఆవిడ కెటిల్లో ఇప్పుడు ఇద్దరికి సరిపడా నీళ్లే పడతాయి, మిగతాదంతా పరువు. అది కాగేలోపల నేను ఒక కథ మొదలుపెట్టి ముగించగలను. నా కథలన్నీ ఆ కొలతవే.

వాన కప్పుల మీంచి తాళ్లలా దిగుతోంది. పొయ్యి పొగ మబ్బుతో కలిసిపోయింది. పిల్ల మొహం చూడలేక ఒక వేళాకోళం ఆడాను.

"నీ బండేమో వద్దన్నా కాగుతుంది, మా ముసలిదాని కెటిలేమో ఎంత బతిమాలినా కాగదు. మార్చేసుకుందాం పిల్లా. నువ్వు కెటిలెక్కి ఉప్పు మోసుకో, నేను నీ బండి మీద కాఫీ కాచుకుంటా."

లోపల్నుంచి మా ఆవిడ, ముందు నీ నోటి మీద పెట్టు, అది ఎప్పుడూ వేడిగానే ఉంటుందంది.

బన్నే నవ్వలేదు. కెటిల్ వైపే చూస్తోంది.

"తాతా, అది ఎందుకు కాగదు?"

"లోపల రాయి ఉందిగా. మంట వేడి రాయిని దాటి నీళ్లకి చేరొద్దూ?"

"రాయి వేడిని లోపలికి పోనివ్వదన్నమాట."

"పోనివ్వదు."

"మరి బయటికి?"

నేను చప్పున నా అరచేయి వైపు చూసుకున్నాను. ఇంజిన్ వేడిని నీళ్లు మోసుకొచ్చి రేడియేటర్ గోడలకి ఇవ్వాలి. గోడలకి లోపలి పక్క రాయి పడితే? పోసిన ఊట నీళ్లు కాగి ఆవిరైపోయినా, వాటిలోని రాయి ఆవిరి కాదు కదా. అది లోపలే ఉండిపోతుంది. కాగిన ప్రతిసారీ బన్నే ప్రేమగా మళ్లీ ఊట నీళ్లే పోసింది. ఇంటికి దారి మరిచిపోకూడదని ముసలమ్మలు గుక్క గుక్కా పోసిందంతా అక్కడే గడ్డకట్టింది. నా చేతికి తగిలిన చల్లటి మచ్చలు ఆరోగ్యం కాదు. నీళ్లు చేరలేని, మూసుకుపోయిన సందులు.

వానలోనే పరిగెత్తాం. పరిగెత్తింది బన్నే, నేను వెనక వెళ్లాను. మూత తీసి టార్చి వేస్తే లోపలి గొట్టాల మూతులు తెల్లగా, సన్నగా, పాలపళ్లలా మెరిశాయి. చిన్న కెటిల్. మా ఊరి ఆడపిల్ల కదా, బండికి కూడా పుట్టింటి రాయి పెట్టుకుంది.

రాయిని కరిగించాలంటే పులుపు కావాలి. మా ఇంట్లో పులిసిపోయిన కల్లు కుండ ఉంది, చేపల కూరలోకి. కానీ కల్లు ఆ రాయిని తింటుందో లేదో ముందు చూడాలి. దానికి ఆ రాయి ముక్క ఒకటి కావాలి. నేను చెంచా పట్టుకుని కెటిల్ వైపు పిల్లిలా జరుగుతుంటే మా ఆవిడ చూసింది. ఆ చెంచా ఎక్కడ పెడుతున్నావో చూసుకోమంది. వాళ్లమ్మమ్మని, వాళ్లమ్మని, చివరికి పెళ్లికి నేను ఆలస్యంగా వచ్చిన సంగతినీ తవ్వి తీసింది. తర్వాత గుమ్మంలో తడిసి నిలబడ్డ బన్నేని చూసింది. ఏం చూసిందో తెలీదు. ఆమే వచ్చి చెంచా లాక్కుని, కెటిల్ అంచు దగ్గర టక్కున కొట్టి, గోరంత పెచ్చు తీసి బన్నే చేతిలో పెట్టింది.

"ఇది మా అమ్మ రోజులనాటిది. చూసి వాడు."

గిన్నెలో కల్లు పోసి అందులో పెచ్చు వేశాం. ముందు ఏమీ లేదు. తర్వాత దాని ఒంటి నిండా సన్నటి బుడగలు లేచాయి. ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూస్తుండగానే రాయి చిన్నదైపోతూ, నిద్రలో నవ్వే పిల్లలా గుసగుసలాడుతూ, నురగలో కలిసిపోయింది.

పులిసిన కల్లుని గుడ్డలో వడకట్టి, సగానికి సగం నీళ్లు కలిపి రేడియేటర్లో పోశాం. బండిని బరువు లేకుండా మెల్లగా నడిపి, గోరువెచ్చబడగానే ఆపి, కింది గొట్టం ఊడదీశాం. తెల్లగా, చిక్కగా, దూడ కక్కిన పాలలా వచ్చింది. ఎక్కువసేపు ఉంచితే పులుపు లోహాన్ని కూడా తింటుందని బన్నే భయం, అందుకని పోయడం, తీయడం, కడగడం, మళ్లీ పోయడం. చివరికి లోపల పోసింది ఎలా ఉందో అలాగే బయటికొచ్చింది. ఆ మడుగులో మా కోళ్లు తాగి, ఆ సాయంత్రం ఎదురింటి పడవ కప్పెక్కి, రెండు పక్కలా బారు తీరి రెక్కలతో తెడ్లు వేశాయి. ఇల్లు కొంచెం ముందుకి జరిగిందని ఇప్పటికీ ఆ ఇంటివాళ్లతో నాకు వాదన.

రాయి పోయింది. ఇప్పుడు ఏం పోయాలి? ఊట నీళ్లు పోస్తే మళ్లీ రాయి. బన్నే ఇంటి రేకు కింద పీపాలో వాన నీళ్లున్నాయి. వాన నీళ్లలో రాయి ఉండదు. ఈ మాట వడ్లకొట్టు దగ్గరికి మాకంటే ముందే చేరింది. పెద్దలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వానకి ఊరేమిటి, ఎక్కడపడితే అక్కడ కురుస్తుంది, దాన్ని తాగిన బండి ఎక్కడపడితే అక్కడికే పోతుందన్నారు. మస్సోరా కూడా తల ఊపాడు. మీకు నవ్వొస్తుందేమో గానీ, ఊట నీళ్లు తాగని బండి వెనక ఎక్కుడు ఎక్కడానికి మావాళ్లు ఎవరూ ఒప్పుకోరు. అది ఆగితే ఒక బాధ, అది దారి మరిచిపోయి ఏమీ లేని పక్కకి తిరిగితే ఇంకో బాధ.

బన్నే అప్పటిదాకా పెద్దల ముందు నోరు విప్పింది లేదు.

"ఊట నీళ్లు ఎక్కడివి? మన కొండ మీద పడ్డ వానే కదా. అది కొండలోపల నడిచి నడిచి, రాయి మోసుకుని వచ్చింది. ఇది నేరుగా మా ఇంటి కప్పు మీదకే వచ్చింది. ఇంటి దారి ఏది బాగా తెలిసినట్టు?"

వాన రేకుల మీద ఏదో చెప్పుకుపోతోంది. ఊట నీళ్లు ఎలా పోయాలో చెప్పే హక్కు ఊళ్లో అందరికన్నా పెద్దవాడిది. అంటే నాది. పెద్దరికం వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే. లోపలికి వాన, పైకి ఊట అన్నాను. మిగతా బండ్లన్నీ ఊటని ట్యాంకు మీదే తాగాయి, ఇదీ అలాగే తాగుతుంది. పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మస్సోరా నా దగ్గరికొచ్చి, రేపు మధ్య మలుపులో ఆగితే ఎవర్నడగాలి మామా, వాననా ఊటనా అన్నాడు. నన్నే అడగమన్నాను.

మర్నాడు పొద్దున ఏటి దగ్గర ఉప్పు లారీ. బన్నే బండికి రెండు పక్కలా రెండేసి బస్తాలు, పైన ఒకటి. ఆ పై బస్తా మీద నేను. నన్నడగమని అంత గట్టిగా చెప్పినవాణ్ణి ఇంట్లో ఎలా కూర్చుంటాను? ముందు మస్సోరా, తర్వాత మేము, మా వెనక మిగతా బండ్లు. ఇంజిన్ పక్కన బన్నే తల్లి కట్టిన అరటాకు పొట్లం.

ఏరు దాటగానే మబ్బు కిందికి దిగింది. మస్సోరా బండి వెనక దీపం ఎర్రటి పండులా కాసేపు వేలాడి కరిగిపోయింది. ఇక కొండ లేదు, లోయ లేదు, దారి కూడా ముందు చక్రం ఎక్కడ ఆనితే అక్కడే పుడుతోంది. ఫెర్న్ ఆకులు చెంపలకి తడిగా రాసుకుంటున్నాయి. ఎక్కడో జలపాతం ఉంది, దాని శబ్దం ఒకసారి కుడిపక్క, ఒకసారి ఎడమపక్క, ఒకసారి మా కిందనుంచి. ఇంజిన్ ఒకే మాటని ఒకే గొంతుతో చెప్పుకుంటూ పోతోంది, జోలపాట పాడే తల్లి పిల్ల నిద్రపోయాక కూడా పాడుతున్నట్టు. అలా ఎంతసేపు ఎక్కామో చెప్పలేను. ఉప్పు బస్తాలు కూడా ఊపిరి తీస్తున్నట్టనిపించింది.

మధ్య మలుపు వచ్చింది. బన్నే చెవులు ఆ బుస కోసం వెతుకుతున్నాయి. తెల్లగా ఏదైనా లేస్తోందా అంటే అంతా తెల్లగానే ఉంది, ఏది ఆవిరో ఏది మబ్బో. సరిగ్గా అప్పుడు ఎదురుగా మబ్బులో ఒక నల్లటి ఆకారం కనిపించింది. దున్నపోతు. బన్నే వాళ్ల దున్నే, కుడికొమ్ము కొంచెం కిందికి వాలిందే. దానికి తొందరేమీ లేదు. తోక ఊపుకుంటూ బురదలో ఎక్కడ నేల గట్టిగా ఉందో అక్కడే గిట్టలు వేస్తూ నడుస్తోంది. బన్నే అది అడుగు వేసిన చోటే చక్రం వేసింది. క్లచ్ పట్టలేదు, బ్రేకు తాకలేదు. మలుపు తిరిగాక అది ఒకసారి తల తిప్పి చూసి, గడ్డి మేయడానికన్నట్టు ఏమీ లేని పక్కకి దిగిపోయింది.

ఇంజిన్ అదే మాట చెప్పుకుంటూ ఎక్కింది.

పైకి చేరేసరికి మబ్బు కాస్త విచ్చి, పడవ కప్పులు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. కొట్టు ముందు బన్నే బండి ఆపి, గబగబా వేళ్లతో పొట్లం తీసి విప్పింది. అన్నం తెల్లగా, మెత్తగా, చేతికి గోరువెచ్చగా. సగం తుంచి నాకిచ్చింది. మస్సోరా వచ్చి ఆ మిగిలిన సగంలోంచి ఒక ముద్ద నోట్లో వేసుకుని నమిలాడు. ఉప్పు తక్కువైందన్నాడు. ఇంత ఉప్పు మోసుకొచ్చి పొట్లంలో వేసుకోవడానికి మిగల్లేదా అన్నాడు. తర్వాత కొట్టు కిందకి వెళ్లి, తన బండిని ఒక స్తంభం వైపు జరిపి, బావమరిది బండిని కొట్టు బయటికి తోసి, మధ్యలో ఒక బండి పట్టేంత పొడి నేల వదిలాడు.

బన్నే బండి ఇప్పటికీ అక్కడే నిలబడుతుంది. మా ఆవిడ కెటిల్ ఇప్పటికీ కాగదు. అంచు దగ్గర గోరంత చోట మాత్రం లోపలి లోహం మెరుస్తుంది, వచ్చినవాళ్లందరికీ ఆమె అదే ముందు చూపిస్తుంది.

ఇంతా విన్నాక, ఇందులో ఏది కల్పన ముసలోడా అని మీరు అడుగుతారు. దున్నపోతు అనుకుంటారు. కాదు. దాన్ని చూశానని బన్నేయే నాకు చెప్పింది, ఆ పిల్లకి అబద్ధం చెప్పే అలవాటు లేదు. కోళ్ల మాటకి నేను కట్టుబడి ఉన్నాను. నేను కల్పించింది ఒక్కటే, ఉప్పు బస్తా మీద నేను. చోటు పోయేంత పరీక్ష నెత్తిమీద పెట్టుకుని, నాలాంటి మాటల మూటని కూడా ఎవరైనా బండికెత్తుకుంటారా? ఆ పొద్దున నేను ఈ అరుగు మీదే ఉన్నాను, కాగని కెటిల్ పక్కన. ఏమీ కనిపించలేదు. తెల్లటి మబ్బులోంచి ఇంజిన్ చప్పుడొక్కటే పైకి వస్తోంది. అది మధ్య మలుపుకి చేరగానే నేను చెవులు రిక్కించాను. చప్పుడు ఆగలేదు. అది ఆగలేదని తెలిశాక మిగతాదంతా నాకు ఇక్కణ్ణించే కనిపించింది.